చికిత్సకుని యజమాని యెవరు?

వైద్యుడు రోగి మేలు కోరవలెనని తెలిసికొనుటకు శాస్త్రములు చదువ నక్కఱలేదు. వీథిలో నాడుకొను బాలు నడిగినను ఆ మాటయే చెప్పును. కాని రోగి యొకడై, వైద్యునకు జీతమిచ్చువాడు వేఱొకడై, ఆ యిరువురి మేలును ఒక్కటి కానపుడు వైద్యు డెవరి పక్షమున నిలువవలెను? కర్మాగారమున కూలివానిని పరీక్షించు వైద్యునకును, సేనలో సైనికుని పరీక్షించు వైద్యునకును ఈ చిక్కు కలదు. అయితే యీ చిక్కు వేలకొలది జనుల కన్నులయెదుట, గడియారము నడచుచుండగా, క్షణములో తీర్పు చెప్పవలసిన రూపమున నెదురగు చోటొకటి యున్నది. అది ధనము కొఱకు ఆడు క్రీడాజట్లలోని చికిత్సకుని కొలువు. దానిని గూర్చి నేడు కొంత విచారింప దలచితిమి.

క్రీడాచికిత్సకుడు శస్త్రవైద్యుడు కాడు. ఒళ్లుపట్టువాడు మాత్రమే యనుటయు సరికాదు. కెనడా దేశమున నితనిని అథ్లెటిక్ థెరపిస్టనియు, అమెరికాలో అథ్లెటిక్ ట్రైనరనియు పిలుతురు. అమెరికాలో ఈ వృత్తివారి సంఘము 1950లోను, కెనడాలో 1965లోను ఏర్పడెను. ఆటకు ముందు ఇతడు ఆటగాండ్ర చీలమండలకు పట్టీలు చుట్టును. ఆట జరుగుచుండగా ప్రేక్షకులెల్లరు బంతిని చూచుచుందురు. ఇతడు మాత్రము ఆటగాండ్ర నడకను చూచుచుండును. ఎవడైన పడినచో పరుగెత్తిపోయి మొదట శ్వాసను, తెలివిని, మెడను పరీక్షించును. ఆట ముగిసిన పిమ్మట వాచిన కీళ్లకు మంచుగడ్డ పెట్టును. తెగిన కండరమును వారములకొలది ఓపికతో మొదట నడకకును, తరువాత పరుగునకును, ఆపైన ఆకస్మికముగా మలుపు తిరుగుటకును అలవాటు చేసి తిరిగి ఆటకు సిద్ధపఱచును. ఇన్ని పనులును చేసి తుదకు శిక్షకునితో నొక్క మాట చెప్పవలెను: వీడు నేడు ఆడవచ్చును, లేదా ఆడరాదు. ఈ కొలువులోని భారమంతయు ఆ యొక్క మాటలోనే యున్నది.

మన పల్లెలలో చెడుగుడాడి కాలు బెణకించుకొన్న పిల్లవానికి పసుపును సున్నమును కలిపి పట్టువేసిన ముసలమ్మయే మన మొదటి క్రీడాచికిత్సకురాలు. ఆమెకు ధర్మసంకట మెన్నడును కలుగలేదు. వాడు మరల కూతకు పోవుటవలన ఆమెకు వచ్చు లాభము లేదు. ఇంట కూర్చుండుటవలన కలుగు నష్టమును లేదు. 2008లో ఐ.పి.ఎల్. క్రికెట్టును, 2014లో ప్రో కబడ్డీయు వచ్చిన తరువాత మన దేశమునందును ఆటగానికి ధర యేర్పడినది. ధర యున్న చోట యజమాని యుండును. యజమాని యున్న చోట ముసలమ్మ యెఱుగని ప్రశ్నయు పుట్టును.

మొదట ఈ వృత్తి గొప్పతనమును చూపు నుదాహరణ మొకటి చెప్పుదుము. 1989 మార్చి 22వ తేదీన అమెరికాలోని బఫెలో నగరమున ఐస్ హాకీ ఆట జరుగుచుండెను. మంచుపై నాడు నీ యాటలో కాలిజోళ్లకు ఉక్కు పలుగు లుండును. ఆటగాండ్రు గోలుముంగిట నొకరిపై నొకరు పడగా, ఒకని పలుగు గోలురక్షకుడైన క్లింట్ మలార్చుక్ కంఠమును కోసెను. మెడలోని పెద్దసిర తెగి రక్తము ధారగా మంచుపై పడెను. జట్టు చికిత్సకుడు జిమ్ పిజుటెలి పూర్వము వియత్నాం యుద్ధమున సేనలో గాయపడినవారికి ప్రథమచికిత్స చేసినవాడు. అతడు పరుగెత్తివచ్చి తెగిన సిరను తన చేతివ్రేళ్లతో నొక్కిపట్టి, శస్త్రవైద్యులకు అప్పగించువఱకు విడువకుండెను. మలార్చుక్ బ్రదికెను.

ఆ క్షణమున పిజుటెలికి ధర్మసందేహమేమియు కలిగియుండదు. అచట ఆటగాని మేలును, జట్టు మేలును, చూచువారి కోరికయు ఒక్కటియే. ప్రాణము పోవుచున్న చోట ధర్మము సులభము. చిక్కంతయు ప్రాణము పోని చోటనే యున్నది. ఆ కథ శేషమును అదియే తెలుపుచున్నది. మలార్చుక్ కొలది వారములలోనే మరల ఆటలో దిగెను. జనులు జయజయధ్వానములు చేసిరి. మెడ గాయము మానినది కాని ఆ నాటి భయము మనస్సున నాటుకొని ఏండ్ల తరబడి తన్ను వేధించినదని ఆతడే తరువాత తన జీవితకథలో చెప్పుకొనెను. రక్తము కారిన గాయమును ఎల్లరును చూచిరి. రక్తము కారని గాయమును చూచుట కెవరును తొందరపడలేదు.

చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకున కుండవలసిన గుణములను మరల నాలుగుగా చెప్పెను. ఉపచారము తెలియుట, నేర్పు, శుచిత్వము అనునవి మూడు. నాలుగవది భర్తయం దనురాగము. ఇచట భర్త యనగా పెనిమిటి కాదు. భరించువాడు, అనగా పోషించి యేలువాడు. ఆ కాలమున పరిచారకుడు సేవించు రోగియే అతనికి అన్నము పెట్టు యజమాని. కావున ఒక్క పదముతోనే పని తీఱినది. నేడు ఆ పదము రెండుగా చీలినది. చీలమండ వాచినవా డొకడు, జీతమిచ్చువాడు మఱియొకడు. అనురాగ మెవరియం దుండవలెను? శాస్త్రవాక్యము మాఱలేదు. దాని యర్థమును నిర్ణయించుకొను భారము మాత్రము మనపై పడినది.

జట్టుపక్షమున వాదించువారి మాటను తోసిపుచ్చరాదు. ఉప్పు తిన్నవాడు యజమాని మేలు చూడవలదా యని వారందురు. ఆట గెలుచుటయే అందఱి జీవనాధారము. కొంత నొప్పి నోర్చుకొనుట ఆటగాని వృత్తిలోనే యున్నది. ప్రతి బెణుకునకును ఇంట కూర్చుండబెట్టినచో జట్టు నిలువదని వారు చెప్పుదురు. దృష్టాంతముగా 1964 ఏప్రిల్ 23 నాటి కథను చూపుదురు. ఆ రాత్రి డిట్రాయిటు నగరమున టొరాంటో జట్టువాడు బాబీ బాన్ కాలికి దెబ్బ తగిలి స్ట్రెచరుపై లోనికి మోయబడెను. లోపల నొప్పి తెలియకుండ సూదిమందు వేసి, చీలమండను బిగియ గట్టిరి. అతడు తిరిగివచ్చి, సమానమైన ఆటకు పొడిగించిన సమయములో గోలు కొట్టి గెలిపించెను. రెండు దినముల తరువాత జరిగిన కడపటి ఆటయు ఆడెను; టొరాంటో జట్టు స్టాన్లీ కప్పు గెలుచుకొనెను. కాలి యెముక విఱిగిన దన్నమాట ఆ పిమ్మట తీసిన ఎక్సరేలో బయటపడెను. కెనడావారు నేటికిని ఆ కథను పురాణమువలె చెప్పుకొందురు.

బాన్ ధైర్యమును మేమును మెచ్చుకొందుము. అయినను ఒక సంగతి గమనింపదగినది. నొప్పి శరీరమను ఊరికి తలారివంటిది. దొంగ వచ్చినపుడు కేకవేయుటయే దాని పని. తలారి నోరు మూసినంతమాత్రమున దొంగ పోడు. ఇంటివారికి నిద్ర మాత్రము పట్టును. ఆ యెముక తరువాత అతుకుకొన్నది, అది అదృష్టము. అటువంటి కథలలో బాగుపడినవారి పేళ్లే మనకు దక్కును. అట్లే ఆడి, కుంటివారై, మఱుసటి యేడు జట్టునుండి తొలగింపబడినవారి కథల నెవరు చెప్పుకొందురు?

చికిత్సకుడు తన ధర్మము తాను చేసినపుడు ఏమి జరుగునో చూపుటకు ఇంగ్లండు దేశపు సంగతి యొకటి కలదు. 2015 ఆగస్టు 8వ తేదీన లండనులో చెల్సీ, స్వాన్సీ ఫుట్‌బాలు జట్లు సమానముగా నున్నవి. చెల్సీ గోలురక్షకుడు అప్పటికే బహిష్కృతుడయ్యెను, పదిమందియే మిగిలిరి. ఆట ముగియు సమయమున ఎడెన్ హజార్డ్ పడిపోయెను. రెఫరీ సైగ చేసి పిలువగా వైద్యురాలు ఎవా కార్నీరోయు, అంగచికిత్సకుడు జాన్ ఫెర్నును మైదానములోనికి పరుగెత్తిరి. చికిత్స పొందిన ఆటగాడు కొంతసేపు బయట నిలువవలెనని నియమము. కావున జట్టు కొన్ని క్షణములు తొమ్మండుగురితో ఆడవలసివచ్చెను. శిక్షకుడు ఆగ్రహించి, వైద్యసిబ్బందికి ఆట తెలియవలెనని బహిరంగముగా నిందించెను. వైద్యురాలిని ఆటలనాటి పనినుండి తప్పించిరి. ఆమె ఆ సెప్టెంబరులో కొలువు విడిచెను. 2016 జూనులో వ్యాజ్యము రాజీయై, జట్టు ఆమెకు క్షమాపణ చెప్పుకొనెను. ఆమె ఆట నియమములను, వైద్యధర్మమును పాటించియే మైదానములోనికి పోయినదని ఒప్పుకొనెను.

సత్యము తుదకు గెలిచినదని మనము సంతోషింపవచ్చును. కాని ఆ కొలువు ఆమెకు తిరిగి రాలేదు. ఆ పది నెలలలో ఇతర జట్ల చికిత్సకులు ఏమి నేర్చుకొనియుందురు? ఇకమీదట నొకడు పడినపుడు పరుగెత్తుటకు ముందు గడియారము వంకను, శిక్షకుని మొగము వంకను చూడవలెనని కొందఱైన నేర్చుకొనియుండరా? ఒకనిని శిక్షించిన భయము పదుగురి కాళ్లకు సంకెల యగును.

ఇంకొక ప్రశ్న దీనికంటె లోతైనది: ఆటగాని మెడ యెవరిది? పైన చెప్పిన బఫెలో జట్టునందే 2021లో ఈ ప్రశ్న వచ్చెను. నాయకుడైన జాక్ ఐకెల్ మెడలోని వెన్నుబిళ్ల చెడెను. రెండు ఎముకల నొక్కటిగా అతుకుట మేలని జట్టు వైద్యులు చెప్పిరి. కృత్రిమపు బిళ్ల పెట్టించుకొనుట తన భావిజీవితమునకు మేలని ఆతడు తలచెను. ఆ చికిత్స అంతకుముందు ఆ లీగులోని ఆటగా డెవడును పొందియుండలేదు. ఒప్పందము ప్రకారము తుదిమాట జట్టుదే. నెలలు గడచెను, ఆట నిలిచెను. నవంబరులో అతనిని లాస్‌వేగాస్ జట్టునకు మార్చిరి. ఆ జట్టు సమ్మతింపగా తాను కోరిన చికిత్సయే చేయించుకొనెను. 2023లో ఆ జట్టుతో స్టాన్లీ కప్పును గెలిచెను. ఇందు జట్టు వైద్యుల విద్యను మేము తప్పుపట్టము. వారు చెప్పినది పేరుపడిన చికిత్సయే. మేము చెప్పునది వేఱు. ఒప్పందము కొన్ని యేండ్లకు ముగియును. మెడ జీవితాంతము మోయవలసినది. కొన్ని యేండ్ల యజమానికి జీవితకాలపు సొత్తుపై తుదిమాట చెప్పు హక్కు ఎట్లు కలిగినది?

అట్లైన ఆటగాని యిష్టమే ప్రమాణమనవచ్చునా? ఇచటనే మాకును తడబాటు కలుగుచున్నది. 2021 జనవరి 11వ తేదీన సిడ్నీలో మన కాకినాడవాడు హనుమ విహారి తొడ వెనుక కండరము పట్టివేయగా పరుగెత్తలేక, అశ్వినుతో కలిసి నిలిచి, 161 బంతుల నెదుర్కొని 23 పరుగులతో అజేయుడై భారతజట్టును ఓటమినుండి కాపాడెను. తరువాతి టెస్టు ఆడలేకపోయెను. మరల 2023లో ఇండోరున మధ్యప్రదేశముతో జరిగిన రంజీ ఆటలో ఎడమచేతి మణికట్టు విఱిగినను, కుడిచేతివాటము గల ఆ యాటగాడు ఎడమవాటమున నిలిచి ఆంధ్రజట్టు కొఱకు బ్యాటు పట్టెను. ఆ వార్తలు చదివినపుడు మా గుండె పొంగినది, పొంగలేదనుట బొంకు. విహారిని ఆపవలసినదని చెప్పుటకు మాకు నోరాడదు. ప్రాయము వచ్చినవాడు, తెలిసినవాడు, తన కండరమును తాను పణముగా నొడ్డెను. అది అతని సొత్తు.

అయినను ఆ యొప్పుకోలు నిజమైనదగుటకు కొన్ని నియమము లున్నవి. తెలివి చెదరినవాని సమ్మతి సమ్మతి కాదు. 2014 ప్రపంచకప్పు కడపటి ఆటలో జర్మనీవాడు క్రిస్టొఫ్ క్రామర్ తలకు దెబ్బ తగిలిన పిమ్మటయు కొంతసేపు ఆడి, ఇది కడపటి ఆటయేనా యని రెఫరీ నడిగెను. అట్టివానిని ఆడగలవా యని ప్రశ్నించి, అతడు తల యూచెనని పంపుట మోసము. మఱియు కొలువు పోవునను భయముతో నిచ్చిన సమ్మతి సగము సమ్మతియే. అన్నిటికంటె ముఖ్యమైన దొకటి. మైదానమున మువ్వురు కనబడుదురు: యజమాని, శిక్షకుడు, ఆటగాడు. నాలుగవవాడొకడు కనబడడు. వాడు ఇరువది యేండ్ల తరువాతి ఆ యాటగాడే. చప్పట్లు ఆగిన పిమ్మట ఆ కాలితో మెట్లెక్కవలసినవాడును, ఆ తలతో బిడ్డల పేళ్లు జ్ఞాపకముంచుకొనవలసినవాడును వాడే. నేటి యాటగాడు తన యౌవనగర్వమున వానిని మఱచును. శిక్షకునకు వానితో పని లేదు. వాని పక్షమున మాటలాడుటకు ఆ మైదానమున నున్నవాడు చికిత్సకు డొక్కడే. చరకుడు చెప్పిన భర్త యెవరని మమ్మడిగినచో ఆ నాలుగవవాడే యని చెప్పుదుము.

ఇంతవఱకు పరుల సంగతి చెప్పితిమి. ఇక మా సంగతి. ఇది చెప్పకుండ ఈ వ్యాసము ముగించుట కపట మగును. పదునాలుగేండ్ల క్రిందట మేము పనిచేయు పాఠశాలలో కబడ్డీ జట్టు బాధ్యత మాపై పడెను. జిల్లా పోటీలలో కడపటి ఆటకు వచ్చితిమి. ముందునాటి ఆటలో మా జట్టునందు మేటియైన బాలుని మోకాలు మెలిపడి వాచెను. వ్యాయామోపాధ్యాయుడు చూచి, వీనిని దింపవద్దండీ యని రెండుమాఱులు చెప్పెను. మేము ఆ బాలుని దగ్గఱకు పిలిచి, “ఆడగలవా, నాయనా?” యని యడిగితిమి. “ఆడగలను, మాస్టారూ” అని వాడనెను. ఆ మాటను సమ్మతిగా గ్రహించితిమి. పదునైదేండ్ల వానిని, నలువదిమంది సహపాఠుల యెదుట, పాఠము చెప్పు గురువు అట్లడిగినచో వాడు వేఱొండు చెప్పగలడా? మా ప్రశ్న ప్రశ్న కాదు. వేషము మార్చిన ఆజ్ఞ. వాడాడెను. మేము గెలిచితిమి. కప్పు నేటికిని ప్రధానోపాధ్యాయుని గదిలో అద్దాల బీరువాలో నున్నది.

రెండేండ్ల క్రిందట బస్సు నిలుచు చోట ఒక యువకుడు నమస్కరించెను. వాడే. బస్సు వచ్చినది. వాడు రెండు చేతులతో కమ్మి పట్టుకొని, ఒక కాలు పైన పెట్టి రెండవకాలిని దానిచెంతకు ఈడ్చుకొనుచు మెట్లెక్కెను. ఎక్కి వెనుకకు తిరిగి నవ్వుచు, “మన కప్పు ఇంకా ఉన్నదా, మాస్టారూ?” యని యడిగెను. ఉన్నదంటిమి. వాని మాటలో నిష్ఠురము లేశమును లేదు. ఉన్నచో మాకు కొంత తేలికగా నుండెడిది.

ఆనాడు మేము జీతము కొఱకు ఆ పని చేయలేదు. మాపై నధికారి యెవడును ఒత్తిడి చేయలేదు. ఒక చిన్న యిత్తడి కప్పుపై నాసచేతనే అంత పని చేసితిమి. అట్టి మాకు, కోట్లకొలది ధనము, వేలకొలది ప్రేక్షకుల కేకలు, కొలువు పోవునను భయము, వీని నడుమ నిలిచి ఆడరాదని చెప్పు చికిత్సకుని ధైర్య మెంతటిదో తెలియును. చెప్పలేనివానిని నిందించుటకు నోరు రాదు. అందుచేతనే అట్టి ధైర్యమును వ్యక్తుల గుణమునకు విడిచిపెట్టక, కట్టుబాటుచేత కాపాడవలెనని మేము కోరుచున్నాము.

చేయదగినవి కొన్ని కలవు. చికిత్సకుని నియమించుటయు తొలగించుటయు శిక్షకుని చేతిలో నుండరాదు. అతని తీర్పు వ్రాతమూలకముగా నుండి, దానిని త్రోసిపుచ్చినవాడు తన పేరు వ్రాసి త్రోసిపుచ్చవలెను. తలదెబ్బ విషయమున ఆటగాని మాటగాని శిక్షకుని మాటగాని చెల్లరాదు. అమెరికన్ ఫుట్‌బాలులో జట్టుతో సంబంధములేని వైద్యుని నిలుపు పద్ధతి 2013లో వచ్చెను. క్రికెట్టులో తలదెబ్బ తగిలినవానికి మాఱు ఆటగానిని దింపు నియమము 2019లో వచ్చెను. ఇవి మంచి యారంభములు. మన పాఠశాలల పోటీలలో ఇంతమాత్రమును లేదు. అచట పిల్లవానికిని కప్పునకును నడుమ ఒక వ్యాయామోపాధ్యాయుని మాట తప్ప అడ్డమేమియు లేదు. ఆ మాటకు విలువ యెంతయో మేము పైన చెప్పితిమి.

ఇందువలన యజమానులకు నష్టమని తలంపరాదు. బంగారము కొనువాడు ఒరగల్లును తెచ్చుకొనును. యజమాని కోరిన వన్నెయే చూపు ఒరగల్లు వట్టి రాయి. నిజము చెప్పని చికిత్సకుని వద్ద ఆటగాండ్రు తమ గాయములను దాతురు. దాచిన గాయము ఆట నడుమ బయటపడును. కావున ఆటగాని పక్షమున నిలిచిన చికిత్సకుడే జట్టునకును మేలు చేసినవా డగును. అయితే లాభము కలుగునని యిది చేయుమని మేము చెప్పము. లాభము లేనినాడును చేయదగిన దిదియే.

ఆ వ్యాయామోపాధ్యాయుడు నేడు మా పాఠశాలలో లేడు; పనినుండి విరమించెను. ఆ నాడు వారి మాట వినకపోతిమని ఇంతవఱకు వారితో చెప్పుకొనలేదు. ఈ వ్యాసము అచ్చయిన పిమ్మట నొక ప్రతిని తీసికొని వారి యింటికి పోవ నిశ్చయించితిమి. బస్సులో కనబడిన ఆ శిష్యుని యూరును తెలిసికొనవలసి యున్నది. వాని కప్పు వాని కందవలెను. దానితోపాటు మా క్షమాపణయు.